అయస్కాంతం పెట్టి చూశాకే రంగు అమ్మే షాపు

కర్నూలు బళ్లారి చౌరస్తా దగ్గర సందులో ఉన్న ఈ పెయింట్ షాపు గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఇక్కడ నేను కొన్న సరుకంతా కలిపినా ఒక చిన్న అట్టపెట్టెలో పడుతుంది. కానీ కౌంటర్ వెనక కూర్చునే పెద్దాయన చెప్పిన మాటలు లేకపోతే మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉన్న బండి ఈపాటికి పాత ఇనప సామాన్ల కొట్టుకి వెళ్లిపోయేది. ఇంటి దగ్గరే బైక్ అల్యూమినియం ఫ్రేమ్‌కి రంగు వేసుకోవాలనుకునే వాళ్లు మన వైపు ఎంతమంది ఉంటారో కానీ, ఒక్కరున్నా వాళ్లకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. కొంచెం పొడుగే అవుతుంది.

ముందు బండి సంగతి. 2014 మోడల్ ట్రయంఫ్ స్ట్రీట్ ట్రిపుల్, 675 సీసీ. మా బావమరిది హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేటప్పుడు కొన్నాడు. అమెరికా వెళ్లేముందు "బావా, దీన్ని అమ్మడానికి నాకు మనసు రావట్లేదు, నువ్వు తీసుకుపో" అన్నాడు. నేను డయాగ్నస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్ని. సెలవు దొరికి, డబ్బు సర్దుబాటయ్యి నేను వెళ్లేసరికి రెండేళ్లు గడిచిపోయాయి. ఆ రెండేళ్లూ బండి అపార్ట్‌మెంట్ సెల్లార్లో కవర్ కింద ఉంది. రెండు వానాకాలాలు సెల్లార్లోకి నీళ్లొచ్చాయి. టాటా ఏస్‌లో ఎక్కించుకుని ఊరికి తెచ్చి కవర్ తీస్తే ఫ్రేమ్ మీద నల్లరంగు అక్కడక్కడా బుడగలు లేచి ఉంది. బుడగను గోరుతో గీకితే కింద తెల్లటి పొడి, తడిసి ఎండిన సున్నంలా. ఇనుముకి పట్టే తుప్పు ఎర్రగా ఉంటుంది. అల్యూమినియంకి పట్టేది ఇలా తెల్లగా ఉంటుందని అప్పటికి నాకు తెలీదు. ఎవరో సర్ఫ్ నీళ్లు పోసి సరిగా కడగలేదేమో అనుకున్నాను.

నేను చేసిన మొదటి తప్పు మే నెలలో చేశాను. ఇంకో షాపులో, పేరు ఎందుకులెండి, "ఫ్రేమ్‌కి ప్రైమర్ కావాలి" అని అడిగాను. ఏ లోహం అని వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు. గేట్లకీ గ్రిల్స్‌కీ కొట్టే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఒక డబ్బా, నల్ల స్ప్రే క్యాన్లు రెండు చేతిలో పెట్టారు. ముందుగా సీటు కింద ఉండే వెనక సబ్‌ఫ్రేమ్ మీద వేసి చూద్దామని దాన్ని విప్పి, ఎమరీ పేపరుతో పైపైన రుద్ది, ఎండ 40 దాటిన మధ్యాహ్నం మేడ మీద స్ప్రే చేశాను. రంగు గాల్లోనే సగం ఆరిపోయి ఇసుక చల్లినట్టు గరుకుగా పడింది. సరే, పట్టింది కదా అనుకున్నాను. మూడు వారాల తర్వాత పక్క భాగానికి రంగు వేద్దామని దాని మీద మాస్కింగ్ టేపు అంటించి లాగితే, ఉడికించిన గుడ్డు పెంకు కింద పల్చటి పొర ఉంటుంది చూడండి, అట్లా ప్రైమరూ రంగూ కలిసి ఒక్క ముక్కగా టేపుతో వచ్చేశాయి. కింద లోహం తళతళా మెరుస్తోంది. అసలేమీ అంటుకోనే లేదు. ఆ రోజు రాత్రి భోజనం కూడా సహించలేదు నాకు. ఇచ్చిన వాడు నమ్మకంతో ఇచ్చిన బండి అది.

మా వీధిలో కార్లకి టింకరింగ్ చేసే అన్న ఒకాయన ఉన్నాడు. ఆయనే ఈ షాపు చూపించాడు. "చాచా దగ్గరికి పో. ఆ ముక్క చేతిలో పట్టుకోని పో" అన్నాడు. ఊడిన రంగు పొరనీ, సబ్‌ఫ్రేమునీ గోనెసంచిలో పెట్టుకుని వెళ్లాను.

షాపు చిన్నది. ఇద్దరు నిలబడితే మూడో మనిషి మెట్ల మీద ఆగాలి. చాచాకి డెబ్భై దాటి ఉంటాయి. కౌంటర్ మీద పాత స్పీకర్లోంచి తీసిన గుండ్రటి అయస్కాంతం ఒకటి పురికొసకి కట్టి ఉంది. నేను ముక్క బయటికి తీయగానే ఆయన ఏమీ అడగకుండా ఆ అయస్కాంతాన్ని దాని మీదికి వేలాడదీశాడు. అది అంటుకోకుండా జారిపోయింది.

"ఇనుము కాదు నాయనా ఇది. దీనికి రెడ్ ఆక్సైడ్ యెవరిచ్చినారు?"

చెప్పాను. ఆయన ఆ షాపుని ఒక్క మాట కూడా అనలేదు. ఊడిన పొరని వెలుతురుకి ఎత్తిపట్టి చూసి, "ఎమరీ గీతలు కూడా పడలే సూడు దీని మీద. నున్నగా ఉంది. రంగుకి పట్టుకోడానికి ఏం దొరకలే" అన్నాడు. నేను వెంటనే "మంచి ప్రైమర్ ఇవ్వండి చాచా" అంటే ఆయన ఇవ్వలేదు. ఇది నాకు బాగా గుర్తుండిపోయింది. "ఈ పొద్దు నీకు ప్రైమర్ అమ్మితే రేపు మళ్లా ఊడిన రంగు పట్టుకోని ఈడికే వస్తావు. ముందు ఉన్నదంతా తీసెయ్. తీసినాక రా" అని, రిమూవర్ ఒక లీటరు, మెరూన్ రంగు స్కాచ్‌బ్రైట్ ప్యాడ్లు నాలుగు, 180, 320 నంబర్ల పేపర్లు ఇచ్చి పంపించాడు. 640 రూపాయలు. రెండు వేల సరుకు అంటగట్టే అవకాశం ఆయన చేతిలోనే ఉంది ఆ రోజు.

అల్యూమినియంకి రంగు ఎందుకు నిలవదో ఆయన చెప్పింది కొంత, తర్వాత నేను చదువుకుని అర్థం చేసుకున్నది కొంత. గీకిన అల్యూమినియం గాలి తగిలిన క్షణంలోనే ఆక్సిజన్‌తో కలిసి పైన ఒక పొర కట్టేస్తుంది. ఆ పొర మందం నానోమీటర్లలో ఉంటుంది, కంటికి కనపడదు. మనం రుద్దే గోధుమ రంగు ఉప్పు కాగితం మీద గరుకుగా ఉండే పదార్థం కూడా ఆ అల్యూమినియం ఆక్సైడే. అంత గట్టి పొర అది. లోహాన్ని కాపాడేది అదే. కానీ రోజులు గడిచేకొద్దీ దాని మీద తేమ, నూనె, మురికి చేరిపోతాయి, అప్పుడు మామూలు ప్రైమర్‌కి పట్టు దొరకదు. అందుకే రుద్దడానికీ ప్రైమర్ వేయడానికీ మధ్య ఎక్కువ టైమ్ ఇవ్వకూడదు. పొద్దున రుద్ది ఆ పూటే వేసేయాలి. రాత్రి రుద్దిపెట్టి రేపు వేద్దాంలే అంటే పని మళ్లీ మొదటికి వస్తుంది.

పాత రంగు తీసే పని జనవరి వరకూ వాయిదా వేశాను. మే ఎండలో నేర్చుకున్నది చాలు. బండి మొత్తం విప్పడానికి మెకానిక్ తమ్ముడు ఒకడు రెండు ఆదివారాలు వచ్చాడు. ఇంజిన్ దించి, వైరింగ్ తీసి, ప్రతి బోల్టునీ కవర్లో వేసి పేరు రాసి పెట్టాం. ఖాళీ ఫ్రేమ్ ఎంత తేలిగ్గా ఉందంటే మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒక్కతే ఎత్తి షెడ్డులో పెట్టింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. మన ఊరి వాళ్లు ముఖ్యంగా వినాలి. గొందిపర్లలో ఆల్కలీస్ ఫ్యాక్టరీ ఉంది కాబట్టి కర్నూలులో కాస్టిక్ సోడా అంటే తెలియని వాళ్లు లేరు. పాత ఇనప తలుపుల రంగు దాంతోనే తీస్తారు. మా మేనమామ కూడా "ఒక రాత్రి కాస్టిక్ నీళ్లలో నానబెట్టరా, పొద్దునకి రంగంతా పోతుంది" అన్నాడు. ఇనుముకి ఆ మాట నిజం. అల్యూమినియంని మాత్రం కాస్టిక్ తినేస్తుంది. బుసబుసా పొంగి హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది, లోహం కరిగి నీళ్లలో కలిసిపోతుంది. ఆ ఫ్రేమ్ మీద ఇంకెవరూ బండి నడపకూడదు. చాచా మొదటి రోజే వేలెత్తి చెప్పిన మాట ఇది. ఓవెన్లూ డ్రైనేజీ పైపులూ శుభ్రం చేసే ఘాటు ద్రావణాల్లో కూడా ఇదే ఉంటుంది, వాటినీ దగ్గరికి రానివ్వద్దు.

ఇచ్చిన రిమూవర్ మాత్రం బాగా పనిచేసింది. బ్రష్‌తో మందంగా పూసి పాలిథీన్ షీట్ కప్పితే ఇరవై నిమిషాల్లో రంగు అప్పడంలా ముడతలు పడి లేచింది. ఘాటు ఎక్కువ, చర్మం మీద పడితే మంట. మా ల్యాబ్‌లో వాడే పల్చటి గ్లవుజులు దాని ముందు నిలవవు, రెండు నిమిషాల్లో మెత్తబడిపోయాయి. మందపాటి రబ్బరు గ్లవుజులు, కళ్లద్దాలు, బాగా గాలాడే చోటు, ఇవి లేకుండా డబ్బా మూత తీయొద్దు. మూలల్లో మిగిలిన రంగుని ప్లాస్టిక్ గరిటెతో గీకాను. ఇనప వైరు బ్రష్ పెట్టొద్దని చాచా ముందే అన్నాడు. దాని పోగులు విరిగి మెత్తటి అల్యూమినియంలో ఇరుక్కుంటే అక్కడే తేమ చేరి మళ్లీ తెల్లపొడి మొదలవుతుంది. అంతకుముందు ఇనుము మీద రుద్దిన పేపర్ని కూడా దీని మీద వాడకూడదు.

కొందరు ఇసుక బ్లాస్టింగ్ చేయించుకోమన్నారు. ఇంకొందరు పౌడర్ కోటింగ్ అన్నారు. బ్లాస్టింగ్ రేణువులు ఫ్రేమ్ లోపలి ఖాళీల్లోనూ మరల్లోనూ చేరి ఎప్పుడో ఒకప్పుడు బేరింగుల్లోకి వస్తాయి. పౌడర్ కోటింగ్‌కి మామూలుగా 180 నుంచి 200 డిగ్రీల వేడిలో ఫ్రేమ్‌ని కాల్చాలి. ఇలాంటి ఫ్రేముల్లో వాడే కొన్ని అల్యూమినియం మిశ్రమాలకి ఫ్యాక్టరీలో బలం తెప్పించేదే ఇంచుమించు ఆ వేడి దగ్గర. మళ్లీ కాలిస్తే ఆ బలం ఎంతో కొంత తగ్గొచ్చు. చక్రాల మీద నా ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టుకునే బండికి ఆ లెక్క నేను వేసుకోదలచుకోలేదు.

రంగంతా పోయాక గుండె ఆగినంత పనైంది. కుడివైపు ఫుట్‌రెస్ట్ బిగించే చోటికి కొంచెం పైన, వెంట్రుకంత సన్నటి గీత. మూడంగుళాల పొడవు. వేలి గోరు పెట్టి లాగితే తగులుతోంది. పగులు అయితే ఇక రంగు మాటే లేదు, ఫ్రేమే పనికిరాదు. ఫోటో తీసుకుని షాపుకి పరుగెత్తాను. చాచా ఫోటో చూసి "ఇది నేను చెప్పేది కాదు" అని, కల్లూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో టిగ్ వెల్డింగ్ చేసే ఒకాయనకి ఫోన్ చేసి పంపించాడు. ఆయన దగ్గర మూడు స్ప్రే క్యాన్లున్నాయి. మొదటి దాంతో శుభ్రం చేశాడు. రెండోది చిక్కటి ఎరుపు, అది కొట్టి పది నిమిషాలు ఆగి గుడ్డతో పూర్తిగా తుడిచేశాడు. మూడోది తెల్లటి పొడిలా పడింది. పగులు ఉంటే లోపలికి దిగిన ఎరుపు ఆ తెలుపు మీదికి రక్తం ఊరినట్టు గీతగా వస్తుందట. రోజూ రక్తం చూసే పని నాది, అయినా ఆ పది నిమిషాలు పడిన టెన్షన్ ఎప్పుడూ పడలేదు. తెలుపు తెలుపుగానే ఉంది. అది పోత పోసినప్పుడు అచ్చు రెండు సగాలు కలిసిన చోట మిగిలిన గీత. "రంగు వేసుకో పో" అన్నాడాయన. 500 తీసుకున్నాడు. సెకండ్ హ్యాండ్ బండి ఫ్రేమ్ విప్పిన వాళ్లెవరైనా సరే, రంగు వేసే ముందు హ్యాండిల్ తిరిగే హెడ్ దగ్గరా, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగార్మ్ ఇరుసు దగ్గరా వెల్డింగుల్ని ఇలా చూపించుకోండి. రంగు కింద పగులు దాక్కుంటే అది బయటపడేది రోడ్డు మీదే. ఇంకో మాట, అందం కోసం వెల్డింగ్ కట్టని అరగదీయకండి. బలమంతా అక్కడే ఉంది.

తెల్లపొడి తిన్న చోట్ల చిన్న చిన్న గుంటలు పడ్డాయి. వాటిలో పొడి పూర్తిగా పోయేదాకా స్కాచ్‌బ్రైట్‌తో రుద్దాను కానీ గుంట చదును చేద్దామని చుట్టూ లోహాన్ని తోడలేదు. రెండు గుంటలు ఇప్పటికీ రంగు కింద కనపడతాయి. ఉండనివ్వండి.

రెండోసారి షాపుకి వెళ్తే చాచా ఒక ప్రశ్న అడిగాడు. "నీళ్లు పోసి చూసినావా?" నాకర్థం కాలేదు. ఆయన కౌంటర్ మీదే ఒక రేకు ముక్క తీసి చేసి చూపించాడు. సగం ముక్కని గ్రీజు తీసే ద్రావణంతో తుడిచి, సగం వదిలేసి, చెంబుతో నీళ్లు పోశాడు. వదిలేసిన సగంలో నీళ్లు తామరాకు మీద బొట్లలాగా విడివిడిగా నిలబడ్డాయి. తుడిచిన సగంలో నీళ్లు పల్చటి పరదాలా ఎక్కడా తెగకుండా పరుచుకున్నాయి. "బొట్టు నిల్చిన తావున నూనె ఉన్నట్టు. ఆడ రంగు నిలవదు. అంతా పరదా మాదిరి జారేదాకా తుడుస్తానే ఉండు." ల్యాబ్‌లో గాజు సామాను కడిగాక మేము చూసేది కూడా ఇదే, శుభ్రమైన గాజు మీద నీళ్లు బొట్లు కట్టవు. పదిహేనేళ్లుగా రోజూ చూస్తూ ఈ పని దగ్గర నాకు తట్టలేదు.

ఇంటికొచ్చి ఫ్రేమ్ మీద నీళ్లు పోస్తే హెడ్ కిందా ఇంజిన్ బిగించే చెవుల దగ్గరా బొట్లే బొట్లు. పన్నెండేళ్ల చెయిన్ నూనె, ఇంజిన్ నూనె. ద్రావణంలో తడిపిన గుడ్డతో తుడిచి, అది ఆరేలోపే పొడి గుడ్డతో ఇంకోసారి తుడవాలి. ఆరనిస్తే కరిగిన నూనె అక్కడే మళ్లీ అంటుకుంటుంది. ప్రతిసారీ గుడ్డ మడత మార్చాలి. పాత పంచె ఒకటి పూర్తిగా అయిపోయింది. నాలుగోసారికి ఫ్రేమంతా నీళ్లు తెగకుండా జారాయి. మా ఆవిడ్ని పిలిచి చూపించాను.

ఇక ప్రైమర్. ఇక్కడే చాలామంది తికమక పడతారు. అల్యూమినియంకి ఎచ్ ప్రైమర్ వేయాలని ఒకరంటారు, ఎపాక్సీ ప్రైమర్ వేయాలని ఇంకొకరంటారు. రెండూ కొనేసి ఒకదాని మీద ఒకటి వేసేవాళ్లూ ఉన్నారు, నేనూ అదే చేద్దామనుకున్నాను. చాచా కొడుకు, షాపు ఇప్పుడు ఎక్కువ చూసుకునేది ఆయనే, రెండు డబ్బాల మీది కాగితాలు చదివి వినిపించాడు. ఎచ్ ప్రైమర్‌లో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది, అది లోహాన్ని సన్నగా కొరికి పట్టుకుంటుంది. చాలా పల్చగా ఒక్క కోటు వేయాలి. ఎపాక్సీ గట్టిపడేది అందులో కలిపే హార్డెనర్ వల్ల. కింద ఎచ్ ప్రైమర్‌లో ఆమ్లం మిగిలి ఉంటే చాలా ఎపాక్సీలు సరిగా గట్టిపడవు. అందుకే రెంటిలో ఒక దారి పట్టుకోవాలి. ఎచ్ వేస్తే దానిపైన ఆ కంపెనీ చెప్పిన సర్ఫేసర్ వేయాలి. లేదంటే బాగా రుద్ది శుభ్రం చేసిన లోహం మీద నేరుగా ఎపాక్సీ. నేను రెండోది తీసుకున్నాను. వానాకాలంలో తేమని లోహం దాకా పోనివ్వకుండా ఆపడంలో ఎపాక్సీదే పైచేయి అని ఆయన చెప్పాడు. ఎచ్ ప్రైమర్ డబ్బా తిరిగి అల్మరాలో పెట్టేశాడు. అమ్ముకోగలిగిన డబ్బా అది.

ఆ రోజు మొత్తం బిల్లు: ఎపాక్సీ ప్రైమర్ హార్డెనర్‌తో కలిపి 1,150, నల్ల 2కె రంగు (హార్డెనర్ కలిపితేనే గట్టిపడే రకం) సెమీ గ్లాస్‌లో, అంటే సగం మెరుపుతో, కలిపించి హార్డెనర్‌తో 1,700, తిన్నర్ 420, ద్రావణం 300. ఆవిరిని వడగట్టే కార్ట్రిడ్జ్ మాస్కు వేరే చోట కొన్నాను, 1,900 పడింది. ఆ 1,900 దగ్గర బేరాలు ఆడొద్దు. 2కె రంగు హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. కోవిడ్ నాటి గుడ్డ మాస్కులూ, తెల్లటి దుమ్ము మాస్కులూ వాటిని ఆపలేవు. అవి ఒకసారి ఒంటికి పడకుండా అయితే ఆస్తమా జీవితాంతం వెంటాడొచ్చు. ఊపిరితిత్తుల రిపోర్టులు చేతిలో పెట్టుకుని వచ్చే పెయింటర్లని మా ల్యాబ్‌లో చూస్తూనే ఉంటాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. పిల్లల్ని రెండు రోజులు అమ్మమ్మ ఇంటికి పంపించేశాం. పక్కింటి వాళ్లకి కిటికీలు మూసుకోమని ముందు రోజే చెప్పాను.

రంగు తగలకూడని చోట్లు మూయడానికే ఒక పూట పట్టింది. హెడ్ బేరింగులు కూర్చునే గిన్నెలు, స్వింగార్మ్ ఇరుసు రంధ్రం, ఇంజిన్ ఆనుకునే ముఖాలు, ప్రతి మరా. ఇంజిన్ ముఖాల మీద రంగు ఉంటే బోల్టు బిగించినప్పుడు గట్టిగానే ఉంటుంది, నాలుగు రోజులకి రంగు నలిగి బోల్టు వదులవుతుంది. మరల్లో పాత బోల్టులు బిగించి వాటి తలలకి టేపు చుట్టాను. అన్నిటికంటే ముఖ్యం చాసిస్ నంబరు. తెలంగాణ బండిని ఇక్కడ మార్పించుకోవాలంటే ఆర్టీఓ ఆఫీసులో దాని పెన్సిల్ ప్రింట్ తీస్తారు. అంకెల్ని ఎక్కడా రుద్దలేదు, ద్రావణంతో తుడిచి, పల్చగా ప్రైమర్ పడేలా చూసి, రంగు వేసేటప్పుడు టేపు వేశాను. రంగు కూడా పాత నలుపే వేశాను, ఆర్సీలో రంగు మార్చే పని పెట్టుకోలేదు.

ఫిబ్రవరి మొదటి ఆదివారం. షెడ్డులో బేతంచెర్ల బండల మీద కళ్లాపి చల్లినట్టు నీళ్లు చల్లి దుమ్ము అణిచాం. చుట్టూ తడి దుప్పట్లు కట్టాం. హెడ్ గుండా ఇనప పైపు దూర్చి ఫ్రేమ్‌ని వేలాడదీశాను, ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. కంప్రెసరూ గన్నూ టింకరింగ్ అన్న దగ్గర రోజుకి 500 అద్దె. ఏడు గంటలకి చివరిసారి 320తో రుద్ది, తుడిచి, నీళ్లు పోసి చూసి, ఆరబెట్టి, తొమ్మిదికల్లా ప్రైమర్ కలిపాను. కొలతకి పెద్ద సిరంజీలు వాడాను. డబ్బా మీద నాలుగు పాళ్లకి ఒక పాలు హార్డెనర్ అని ఉంటే కంటి లెక్కతో పోయకూడదు. కలిపాక ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచమని చాచా కొడుకు కాగితం మీద రాసిచ్చాడు. ముందు గన్ను అందని సందుల్లోనూ వెల్డింగ్ మూలల్లోనూ కొట్టి, తర్వాత వెడల్పు భాగాలు. జానెడు దూరం నుంచి, చెయ్యి ఆపకుండా. పల్చగా రెండు కోట్లు. బూడిద రంగులో ఫ్రేమంతా ఒకే తీరుగా కనపడ్డప్పుడు నా భుజాల మీంచి మే నెల దిగిపోయింది.

మర్నాడు సెలవు పెట్టి, 400 వాటర్ పేపరుతో తడి రుద్దుడు, ఆరాక నల్లరంగు. మూడు కోట్లు, మధ్యలో పావుగంట చొప్పున. మూడో కోటులో ఆత్రపడ్డాను. హెడ్ కింద ఎడమవైపు రంగు చిక్కబడి కన్నీటి చారలా కారింది. వెంటనే వేలితో తుడవబోయి ఆగి షాపుకి ఫోన్ చేశాను. "ముట్టుకోవద్దు. వారం పోనీ. ఎండినాక బ్లేడుతో దాని తలకాయ గీకి, 800 పేపరు చిన్న కొయ్య ముక్కకి చుట్టి రుద్దు, ఆ భాగం వరకూ పల్చగా కొట్టు" అన్నాడు చాచా. అట్లాగే చేశాను. ఇప్పుడు నేను చూపిస్తే తప్ప ఎవరికీ కనపడదు.

షాపు గురించి నచ్చనివి కూడా చెప్పాలి. సెమీ గ్లాస్‌కి కలిపే, మెరుపు తగ్గించే మ్యాటింగ్ సరుకు వాళ్ల దగ్గర ఉండదు, హైదరాబాద్ నుంచి రావడానికి ఐదు రోజులు పట్టింది, ఆ సంగతి ముందు చెప్పలేదు. రేపు మాపు అంటూ నన్ను మూడుసార్లు తిప్పారు. అడిగితే గానీ బిల్లు రాయరు. నాకిచ్చిన మొదటి తిన్నర్ ఎండాకాలానికి వాడే నిదానం రకం, ఫిబ్రవరి పొద్దుటి చల్లదనానికి అది అంతగా కుదరదు. రంగు కారడంలో దాని పాత్ర కూడా ఉందని నా అనుమానం. చెప్తే మాట్లాడకుండా మార్చి ఇచ్చారు. బండి నిలపడానికి చోటు లేదు.

రంగు చేతికి ఆరినట్టు ఒక్క రోజులోనే ఉంటుంది కానీ లోపల గట్టిపడటానికి వారం పది రోజులు ఆగాలి. నేను పద్నాలుగు రోజులు ఆగాను. అల్యూమినియంలోకి దూర్చే ప్రతి ఇనప బోల్టుకీ, పట్టేయకుండా ఉండే యాంటీ సీజ్ పేస్టు పూశాం. రెండు లోహాలు తేమలో కలిసుంటే అల్యూమినియమే ముందు పాడవుతుంది కాబట్టి. అంతా బిగించి బటన్ నొక్కితే స్టార్టర్ టక్కుమని ఆగిపోయింది. గంట వెతికాక దొరికింది. ఎర్త్ వైరు ఫ్రేమ్‌కి తగిలే చోట టేపు వేయడం మర్చిపోయాను, కింద చక్కటి నల్లరంగు. ఆ పావలా అంత చోటు లోహం కనపడేదాకా గీకి, వైరు బిగించి, చుట్టూ కొంచెం గ్రీజు పూశాక ఇంజిన్ పలికింది. మీరు టేపు వేసేటప్పుడు ఆ చోటుని మొదట రాసుకోండి.

ఇప్పటికి ఒక వానాకాలం గడిచింది. బూట్లు రాసుకునే చోట్ల కొంచెం మెరుపు పోయింది. ఎక్కడా బుడగ లేవలేదు. మొన్న దసరాకి కడిగి, మే నెలలో లాగినట్టే మాస్కింగ్ టేపు గట్టిగా అంటించి లాగి చూశాను. టేపు ఉత్తగానే వచ్చింది. ఆర్టీఓ ఆఫీసులో పెన్సిల్ ప్రింట్‌లో పదిహేడు అక్షరాలూ అంకెలూ ఒక్కటి చెదరకుండా పడ్డాయి. బావమరిదికి వీడియో కాల్‌లో చూపిస్తే కాసేపు మాట్లాడలేదు.

షాపు పొద్దున పదికి తీస్తారు, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా మూస్తారు, శుక్రవారం మధ్యాహ్నం వెళ్లొద్దు. మన దగ్గర తిరిగే ఆర్15 డెల్టాబాక్స్ ఫ్రేము, డ్యూక్ ఫ్రేము స్టీలువే, వాటి దారి వేరు. మీ బండి ఏదో మీకు తెలిసినా సరే, విప్పిన ముక్క ఒకటి సంచిలో వేసుకుని వెళ్లండి. చాచా అయస్కాంతం పెట్టి చూసుకుంటాడు.